ఈ పొద్దున మిషన్‌కు పరీక్ష పెట్టారా?

రిపోర్టులో అంకె చూసి కంగారుపడతాం. లేదంటే ఊపిరి పీల్చుకుంటాం. ఆ అంకెను ఇచ్చిన యంత్రం ఈ రోజు సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎవరు చూశారని మాత్రం అడగం. జ్వరాల కాలంలో అడగాల్సిన ప్రశ్న అదే.

మీ ఇల్లు తుక్కుగూడలో అనుకోండి. ఇంటర్ చదివే అమ్మాయికి నాలుగు రోజులుగా జ్వరం. పొద్దున వీధి చివరి ల్యాబులో సీబీపీ చేయిస్తే ప్లేట్‌లెట్లు 62 వేలని వచ్చింది. ఇంటిల్లిపాదికీ గుండె జారిపోయింది. ‘ఆ ల్యాబును నమ్మొద్దు, శ్రీశైలం రోడ్డు మీద ఇంకోటుంది, అక్కడ చేయించండి’ అన్నారు పక్కింటివాళ్లు. మధ్యాహ్నం అక్కడికి తీసుకెళ్తే 81 వేలు. మూడు గంటల్లో 19 వేలు పెరిగాయా? మొదటి ల్యాబు తప్పు చెప్పిందా? రెండోది చెప్పిందా? లేక మధ్యలో తాగించిన బొప్పాయి ఆకు రసం మహిమా?

రెండు రిపోర్టులూ సరైనవే కావచ్చు. అమెరికాలో ల్యాబుల పనితీరును తేల్చడానికి ప్రభుత్వం తరఫున పోటీ పరీక్షల్లాంటివి పెడతారు. ఒకే రక్త నమూనాను అందరికీ పంపి, ఎవరెంత చెప్పారో చూస్తారు. హిమోగ్లోబిన్ విషయంలో అక్కడ 4 శాతం తేడాను మించి ఒప్పుకోరు. ప్లేట్‌లెట్లకు మాత్రం 25 శాతం దాకా అటూ ఇటూ అయినా పాసైనట్టే లెక్క. అంత కఠినంగా ఉండేచోట కూడా ఇంత వెసులుబాటు ఎందుకిచ్చారంటే, ప్లేట్‌లెట్లను లెక్కపెట్టడం అంత కష్టం కాబట్టి. మన అమ్మాయి అసలు సంఖ్య 72 వేలు అనుకుందాం. దానికి 25 శాతం ఇటైతే 54 వేలు, అటైతే 90 వేలు. 62 వేలన్న ల్యాబూ, 81 వేలన్న ల్యాబూ రెండూ ఆ గీతల మధ్యే ఉన్నాయి.

అలాగని ల్యాబులన్నీ ఒకటే అనుకుని వదిలేయడానికీ లేదు. ఒక యంత్రం ఎప్పుడూ ఒకే తీరుగా కొలుస్తోందా, రోజుకో రకంగా జారిపోతోందా అన్నది వేరే సంగతి. అది తెలియాలంటే పొద్దున్నే తలుపు తీశాక, మొదటి రోగి రక్తం పెట్టకముందు, ల్యాబులో ఏం జరుగుతుందో చూడాలి.

చిన్న రంధ్రం, చిన్న కుదుపు

ఒకప్పుడు రక్తకణాలను మనిషే లెక్కపెట్టేవాడు. సన్నటి గళ్లు గీసిన గాజు పలక మీద పలుచన చేసిన రక్తం వేసి, మైక్రోస్కోపులో ఒక్కో గడిలో ఎన్ని కణాలున్నాయో చూసి, హెచ్చవేసేవారు. ఈ చాకిరీని తప్పించింది వాలెస్ కూల్టర్ అనే అమెరికన్. ఆయన డాక్టరు కాదు, ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి. ఆయన పద్ధతికి 1953లో పేటెంటు వచ్చింది. ఇవాళ మన వీధి ల్యాబులో బల్ల మీద కూర్చున్న సీబీపీ యంత్రం లోపల కూడా చాలావరకు ఆ సూత్రమే.

సూత్రం చాలా తేలిక. ఉప్పునీటి లాంటి ద్రవంలో కలిపిన రక్తాన్ని వెంట్రుక మందమంత చిన్న రంధ్రం గుండా పంపుతారు. ఆ రంధ్రంలో కరెంటు ప్రవహిస్తూ ఉంటుంది. ఒక కణం దూరినప్పుడల్లా కరెంటుకు చిన్న అడ్డు తగిలి ఒక కుదుపు వస్తుంది. ఎన్ని కుదుపులో అన్ని కణాలు. కుదుపు ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. హిమోగ్లోబిన్‌ను మాత్రం కణాలను పగలగొట్టి, రంగు ఎంత చిక్కగా ఉందో కాంతితో కొలుస్తారు.

చిక్కంతా ‘ఎంత పెద్ద కుదుపు’ అన్నచోటే ఉంది. చిన్న కుదుపైతే ప్లేట్‌లెట్, పెద్దదైతే ఎర్ర రక్తకణం అని యంత్రం ఒక గీత గీసుకుంటుంది. ఇనుము లోపంతో ఎర్ర రక్తకణాలు బాగా చిన్నవైపోయిన మనిషి రక్తం వచ్చిందనుకోండి. ఆ చిన్న ఎర్రకణాల్లో కొన్నింటిని యంత్రం ప్లేట్‌లెట్ల ఖాతాలో వేసేస్తుంది. లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇది మన దగ్గర అరుదైన సంగతేం కాదు. దీనికి తిరగేసి, ప్లేట్‌లెట్లు కొందరిలో మామూలు కంటే పెద్దగా ఉంటాయి. వాటిని యంత్రం ఎర్రకణాలుగా లెక్కేసి, ఉన్నవాటిని లేవంటుంది. కాస్త ఖరీదైన యంత్రాల్లో కాంతితోనో, ప్రత్యేక రంగుతోనో ప్లేట్‌లెట్లను వేరుగా లెక్కించే ఏర్పాటుంటుంది. చిన్న ల్యాబుల్లో ఉండేది ఎక్కువగా మొదటి రకమే.

ఇంకొకటి. యంత్రం మీ రక్తమంతా లెక్కపెట్టదు. కొన్ని మైక్రోలీటర్లు తీసుకుని, వందల రెట్లు పలుచన చేసి, అందులో కొంత మాత్రమే చూసి, మొత్తానికి హెచ్చవేస్తుంది. బస్తా బియ్యంలో రాళ్లెన్నో గుప్పెడు తీసి అంచనా కట్టినట్టు. రాళ్లు ఎక్కువుంటే అంచనా బాగానే కుదురుతుంది. గుప్పెట్లో రెండే రాళ్లు వస్తే, ఇంకో గుప్పెట్లో నాలుగు వచ్చినా ఆశ్చర్యం లేదు. ప్లేట్‌లెట్లు తగ్గేకొద్దీ, అంటే మనం ఎక్కువ భయపడే చోటే, లెక్కలో ఊగిసలాట పెరుగుతుంది. ‘నిన్న 20 వేలు, ఇవాళ 24 వేలు, పెరుగుతున్నాయి’ అని సంబరపడేవాళ్లను చూస్తే ఏమీ చెప్పాలనిపించదు గానీ, యంత్రం దృష్టిలో ఆ రెండూ ఒకటే అంకె.

రోగి కంటే ముందు సీసా

యంత్రాన్ని నమ్మొచ్చో లేదో తేల్చడానికి ల్యాబులో ఒక ఉపాయం ఉంది. దాన్ని ‘కంట్రోల్’ అంటారు. విలువలు ముందే తెలిసిన రక్తం లాంటి పదార్థం చిన్న సీసాల్లో వస్తుంది. సాధారణంగా మూడు రకాలు: విలువలు తక్కువున్నది, మామూలుగా ఉన్నది, ఎక్కువున్నది. పొద్దున్నే యంత్రం ఆన్ చేసి, ఖాళీగా ఒకసారి నడిపించి అడుగున ఏమీ మిగల్లేదని చూసుకున్నాక, ఈ సీసాల్లోని రక్తాన్ని రోగి రక్తం పెట్టినట్టే పెట్టాలి. సీసా మీద హిమోగ్లోబిన్ 12 అని ఉంటే యంత్రమూ దాదాపు 12 అనాలి. అన్నాకే మీ రక్తానికి వంతు.

కిరాణా కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా అని చూసేవాళ్లున్నారు. పెట్రోలు బంకులో అనుమానమొస్తే అయిదు లీటర్ల కొలత డబ్బాతో కొలిచి చూపించమని అడగొచ్చు, అడిగేవాళ్లూ ఉన్నారు. అదే మనిషి ల్యాబుకెళ్తే చెయ్యి చాపి, డబ్బు కట్టి, కాగితం తీసుకుని వచ్చేస్తాడు.

కంట్రోల్ ఫలితాన్ని ఒట్టినే చూసి వదిలేయకూడదు. రోజూ ఒక పటం మీద చుక్క పెట్టాలి. ఈ పటం పుట్టింది ల్యాబులో కాదు, ఫ్యాక్టరీలో. 1924లో అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరుగా ఉన్న వాల్టర్ షూహార్ట్, తయారైన వస్తువుల్లో సహజంగా వచ్చే తేడా ఏది, ఏదో చెడిపోయి వచ్చే తేడా ఏది అని వేరుచేయడానికి దీన్ని గీశాడు. 1950లో స్టాన్లీ లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు దాన్ని ఆస్పత్రి ల్యాబులోకి తెచ్చారు. అందుకే ల్యాబుల్లో దీన్ని లెవీ-జెన్నింగ్స్ చార్టు, ముద్దుగా ఎల్‌జే చార్టు అంటారు. మధ్యలో సగటు గీత. పైనా కిందా ఎస్‌డీ గీతలు. ఎస్‌డీ అంటే ఏ తప్పూ లేకపోయినా రోజూ సహజంగా ఉండే ఊగిసలాట ఎంతో చెప్పే కొలత.

ఒక లెక్క చూద్దాం. కంట్రోల్ హిమోగ్లోబిన్ సగటు 12.0, ఎస్‌డీ 0.2 అనుకోండి. రెండు ఎస్‌డీల గీతలు 11.6, 12.4 దగ్గర ఉంటాయి. మూడు ఎస్‌డీలవి 11.4, 12.6 దగ్గర. ఇవాళ 12.7 వచ్చింది. మూడో గీత దాటింది. యంత్రాన్ని ఆపాల్సిందే, రోగుల రిపోర్టులు ఇవ్వకూడదు. ఇవాళ 12.5 వచ్చింది. రెండో గీత దాటింది కానీ మూడోది దాటలేదు. అన్నీ బాగున్నా ఇరవై రోజుల్లో ఒకరోజు ఇలా జరగడం సహజమే. కాబట్టి ఇది హెచ్చరిక మాత్రమే. కానీ రేపు కూడా 12.5 వస్తే? అది కాకతాళీయం కాదు, ఏదో జరిగింది. ఇలాంటి నియమాలన్నింటినీ 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్ ఒకచోట చేర్చాడు. ప్రపంచంలో ఏ ల్యాబుకెళ్లినా ఇప్పుడు ఆయన పేరే చెబుతారు.

ఆ నియమాల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. వరసగా పది రోజులు చుక్కలన్నీ సగటు గీతకు ఒకే వైపు పడితే, ఒక్కటీ హద్దు దాటకపోయినా సరే, యంత్రం జరిగిపోయినట్టే లెక్క. 12.1, 12.2, 12.1, 12.3... ఏ రోజుకారోజు చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. పటం మీద చూస్తేనే తెలుస్తుంది, అన్నీ గీతకు పైనే ఉన్నాయని. కొత్త రీఏజెంటు డబ్బా మార్చి ఉండొచ్చు. రంధ్రంలో ప్రొటీన్ పేరుకుని ఉండొచ్చు. దీపం కాంతి తగ్గుతూ ఉండొచ్చు. కంట్రోల్ పెట్టి ‘రేంజిలోనే ఉంది’ అని టిక్కు కొట్టే ల్యాబుకు ఇది ఎన్నటికీ దొరకదు. చుక్కలు కలిపి చూసే ల్యాబుకే దొరుకుతుంది.

ఇక్కడ ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. కంట్రోల్ హద్దు దాటింది. బయట పదిమంది రోగులు కూర్చున్నారు. టెక్నీషియన్ అదే సీసాను మళ్లీ పెడతాడు. మళ్లీ దాటింది. మూడోసారి పెడతాడు. ఈసారి లోపలికొచ్చింది. మొదటి రెండూ చెరిపేసి మూడోది రాసుకుంటాడు. నన్నడిగితే, అసలు కంట్రోల్ పెట్టకపోవడం కంటే ఇది ప్రమాదం. పెట్టని ల్యాబుకు కనీసం తన మీద తనకు అనుమానమైనా ఉంటుంది. సరైన పద్ధతి వేరు. సీసా గడువు తీరిందా, ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానిచ్చారా, కుదపకుండా మెల్లగా తిప్పి కలిపారా అని చూడాలి. కొత్త సీసా పెట్టాలి. అదీ తప్పితే యంత్రాన్ని కడగాలి, రీఏజెంట్లు చూడాలి, అప్పటికీ కుదరకపోతే కాలిబ్రేట్ చేయించాలి. చేసినదంతా పుస్తకంలో రాయాలి.

కాలిబ్రేషన్‌ను, కంట్రోల్‌ను చాలామంది ఒకటే అనుకుంటారు. ‘మా మిషన్‌ను కంపెనీవాళ్లొచ్చి కాలిబ్రేట్ చేసి పోయారండీ’ అంటారు ల్యాబువాళ్లు గర్వంగా. కాలిబ్రేషన్ అంటే గడియారాన్ని సరిచేసి పెట్టడం. కంట్రోల్ అంటే అది ఇంకా సరిగానే తిరుగుతోందా అని రోజూ చూసుకోవడం. ఆర్నెల్ల కిందట సరిచేసిన గడియారాన్ని నమ్ముకుని ఎవరూ రైలుకెళ్లరు.

చిన్న ల్యాబు కష్టం

న్యాయంగా చెప్పాలంటే వాళ్ల కష్టమూ చూడాలి. కంట్రోల్ సీసాలు చవక కాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. గడ్డకట్టినా పనికిరావు. ఒకసారి మూత తీస్తే కంపెనీ చెప్పిన కొద్ది రోజులే, మామూలుగా రెండు వారాల పైచిలుకు, పనిచేస్తాయి. రోజుకు రెండొందల సీబీపీలు చేసే పెద్ద ల్యాబుకైనా, పది చేసే చిన్న ల్యాబుకైనా పొద్దున పెట్టాల్సినవి అవే సీసాలు. ఆ ఖర్చు రెండొందల మంది మీద పడితే పైసల్లో ఉంటుంది, పదిమంది మీద పడితే బరువు తెలుస్తుంది. దానికి తోడు వేసవిలో కరెంటు పోయి ఏసీ ఆగితే గది వేడెక్కి యంత్రం మొరాయిస్తుంది. కాబట్టి ‘రోజు విడిచి రోజు పెడదాం’, ‘మూడు ఎందుకు, ఒకటి చాలు’ అన్న సర్దుబాట్లు మొదలవుతాయి. మామూలు రక్తం ఉన్న సీసా ఒక్కటే పెడితే మామూలు మనుషుల ఫలితాలే సరిగ్గా ఉన్నాయని తెలుస్తుంది. డెంగీ రోగి ఉండేది తక్కువ విలువల దగ్గర. అక్కడ యంత్రం ఏమంటోందో చూసే సీసానే పక్కన పెట్టేశారన్నమాట.

రోజూ కంట్రోల్ పెట్టే స్తోమత లేని ల్యాబు నమూనా సేకరించి, పెట్టగలిగే ల్యాబుకు పంపడమే మేలు. కానీ పంపడంలోనూ తిప్పలున్నాయి.

తుక్కుగూడ నుంచి సిటీకి

అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక, ఫ్యాబ్ సిటీ వైపు పరిశ్రమలు పెరిగాక తుక్కుగూడ చుట్టుపక్కల కలెక్షన్ సెంటర్ల బోర్డులు లెక్కకు మిక్కిలి కనిపిస్తాయి. బోర్డు మీద పెద్ద పేరుంటుంది గానీ లోపల యంత్రం ఉండదు. రక్తం తీసి, పెట్టెలో పెట్టి, పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా సిటీకి పంపుతారు. ప్రభుత్వ వ్యవస్థ కూడా ఇలాంటిదే. నారాయణగూడలోని ఐపీఎం ప్రాంగణంలో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్, బస్తీ దవాఖానాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీసిన నమూనాలను వాహనాల్లో తెప్పించుకుని ఉచితంగా పరీక్షిస్తుంది. ఆ తర్వాత జిల్లాల్లోనూ ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. పద్ధతి మంచిదే. ఒకచోట పెద్ద యంత్రం, పక్కన పాథాలజిస్టు, పొద్దున్నే కంట్రోళ్లు... ఇవన్నీ ప్రతి ఊళ్లో పెట్టలేం. అయితే గొట్టం దారిలో ఎంతసేపుంది, ఎంత వేడిలో ఉంది అన్నది యంత్రానికి తెలియదు. ఎంత కంట్రోల్ పెట్టినా అది బాగుచేయలేనిది ఇదొక్కటే.

షుగర్ సంగతి చూడండి. గొట్టంలో రక్తకణాలు బతికే ఉంటాయి, చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు గొట్టంలో గది వేడికి గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తగ్గిపోతుంది. అందుకే షుగర్‌కు బూడిద రంగు మూత గొట్టం వాడతారు, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. అదీ పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగా పడుతుంది. సీబీపీకి ఊదా రంగు మూత గొట్టం. అందులోని రక్తం ఎక్కువ గంటలు బయటే ఉంటే ఎర్రకణాలు ఉబ్బుతాయి. ఉబ్బితే పీసీవీ పెరిగినట్టు కనిపిస్తుంది. డెంగీలో పీసీవీ పెరగడం అంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతోందని డాక్టరు అనుమానించే గుర్తు. అది నిజంగా పెరిగిందా, దారిలో పెరిగిందా అన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇంకా ముందుకెళ్తే, రక్తం తీసే క్షణంలోనే సగం పైగా తప్పులు పుడతాయి. ల్యాబు పొరపాట్ల మీద జరిగిన అధ్యయనాలు చాలావాటిలో, యంత్రం దగ్గరికి చేరకముందు జరిగినవే పెద్ద వాటా. ఊదా గొట్టంలో గీత దాకా రక్తం నింపాలి, వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. అలా చేయకపోతే చిన్న గడ్డ ఏర్పడి ప్లేట్‌లెట్లను పట్టేసుకుంటుంది. యంత్రం మిగిలినవే లెక్కపెట్టి ‘తగ్గాయి’ అంటుంది. సెలైన్ ఎక్కుతున్న చేతికే, దాని పైభాగంలో రక్తం తీస్తే హిమోగ్లోబిన్ దగ్గర్నుంచి ప్లేట్‌లెట్ల దాకా అన్నీ పలుచనైపోతాయి. ఎక్కుతున్నది డెక్స్‌ట్రోస్ అయితే షుగర్ ఆకాశాన్నంటుతుంది. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్నది మీరే అయితే, ‘అన్నా, ఆ చేతికి గ్లూకోజ్ ఎక్కుతుంది, ఇటు తియ్యరాదే’ అనడానికి మొహమాటపడకండి.

వెయ్యి మందిలో దాదాపు ఒకరికి మరో విచిత్రం ఉంటుంది. ఊదా గొట్టంలో ఉండే ఈడీటీఏ అనే రసాయనం తగలగానే వాళ్ల ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. శరీరంలో అన్నీ సక్రమంగానే ఉంటాయి, గొట్టంలోనే ఈ గొడవ. యంత్రానికి గుంపు ఒక్క పెద్ద కణంలా కనిపిస్తుంది. రెండు లక్షలున్న మనిషికి నలభై వేలని రాస్తుంది. జ్వరం లేదు, మచ్చలు లేవు, చిగుళ్లు కారడం లేదు, అంకె మాత్రం భయపెడుతోంది అంటే దీన్నే అనుమానించాలి. రక్తాన్ని గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూస్తే గుంపులు కంటికే కనిపిస్తాయి. లేత నీలం మూత సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీసి, వచ్చిన అంకెను 1.1తో హెచ్చవేస్తే అసలు లెక్క తేలుతుంది. ‘స్లైడ్ చూశారా’ అన్న ప్రశ్న ఈ కాలంలోనూ పాతబడలేదు.

పరీక్షకులకు పరీక్ష

తనకు తాను కంట్రోల్ పెట్టుకునే ల్యాబు కూడా తెలియకుండానే పక్కదారి పట్టొచ్చు. అందుకే బయటివాళ్ల పరీక్ష ఒకటుంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ పరీక్షలకు, ఢిల్లీ ఎయిమ్స్ రక్తకణాల పరీక్షలకు ఇలాంటి పథకాలు నడుపుతున్నాయి. విలువ చెప్పకుండా నమూనా పంపుతారు. ల్యాబు పరీక్షించి జవాబు పంపాలి. దేశంలోని మిగతా ల్యాబులు ఏం చెప్పాయో వాటితో పోల్చి మార్కులేస్తారు. రిజిస్టరులో పేరున్నంత మాత్రాన చాలదు. మార్కులు తగ్గినప్పుడు ఆ ల్యాబు ఏం చేసిందన్నదే చూడాల్సింది.

ఇక ఎన్‌ఏబీఎల్ గుర్తింపు. ల్యాబు రిజిస్ట్రేషన్ చట్టప్రకారం తప్పనిసరి గానీ ఈ గుర్తింపు ల్యాబు ఇష్టం. ఐఎస్ఓ 15189 అనే ప్రమాణం ప్రకారం ఇస్తారు. దీన్ని పొందాలంటే రోజువారీ కంట్రోళ్లు, బయటి పరీక్షలు, రికార్డులు అన్నీ చూపించాలి. రిపోర్టు మీద ఆ ముద్ర కనిపిస్తే సంతోషమే, కానీ రెండు సంగతులు గుర్తుంచుకోండి. గుర్తింపు కంపెనీ మొత్తానికి కాదు, ఫలానా చిరునామాలో ఉన్న ఫలానా ల్యాబుకు. అది కూడా ఫలానా పరీక్షలకే. సిటీలోని పెద్ద ల్యాబుకు ఉన్న ముద్ర, మీ వీధిలో అదే పేరుతో ఉన్న చిన్న యంత్రానికి వర్తించదు. సర్టిఫికెట్ నంబరుతో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైటులో వెతికితే ఏయే పరీక్షలకుందో కనిపిస్తుంది. ముద్ర లేని చిన్న ల్యాబుల్లోనూ ఎల్‌జే చార్టు గోడకు అంటించి పెట్టుకునే శ్రద్ధగలవాళ్లు ఉంటారు. అడిగితే తెలుస్తుంది.

ఎలా అడగాలి? తగాదాలా కాదు. ‘అన్నా, ఇయ్యాల పొద్దుగాల కంట్రోల్ పెట్టిన్రా?’ అని మామూలుగా అడగండి. పెట్టినవాళ్లు ‘పెట్టినం అక్కా’ అని చార్టు చూపిస్తారు, అడిగే మనిషి దొరికినందుకు సంబరపడతారు కూడా. ‘మా మిషన్ విదేశాలది, కంట్రోల్ అక్కర్లేదు’ అన్న జవాబొస్తే ఇంకో ల్యాబు చూసుకోండి.

అంకె చేతికొచ్చాక

ఇప్పుడు మన అమ్మాయి దగ్గరికి వద్దాం. 62 వేలా, 81 వేలా అన్న చర్చ ఆపి, ఏదో ఒక ల్యాబును ఎంచుకోండి. రోజూ అక్కడే, అదే యంత్రం మీద చేయించండి. ఒక యంత్రం కాస్త తక్కువ చూపించే రకమైనా రోజూ అదే తీరుగా చూపిస్తుంది కాబట్టి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది సరిగ్గా తెలుస్తుంది. రెండు యంత్రాల మధ్య తిరిగితే ఏది జబ్బు తేడానో, ఏది యంత్రం తేడానో ఎవరూ చెప్పలేరు.

డాక్టరు ప్లేట్‌లెట్లను ఒక్కటే చూడరు. పీసీవీ చూస్తారు. మొదట 38 ఉన్నది 46 అయిందంటే అయిదో వంతు పైగా పెరిగినట్టు, అది జాగ్రత్తపడాల్సిన మలుపు. బీపీ, నాడి, మూత్రం ఎంత వస్తోంది అన్నవి చూస్తారు. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి ముక్కు నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం వంటివి కనిపిస్తే అంకె ఎంతున్నా ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం తగ్గిన రోజునే ఇవి మొదలయ్యే అవకాశం ఎక్కువ. మరోవైపు, రక్తస్రావం లేకుండా అంకె తగ్గిందని ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల ఉపయోగం లేదని సింగపూర్, మలేసియాల్లో పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధన తేల్చింది. 20 వేలు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలోనూ రక్తస్రావం ఆగలేదు సరికదా, దుష్ఫలితాలు ఎక్కువయ్యాయి. 2017లో లాన్సెట్‌లో అది అచ్చయింది. దాతల కోసం రాత్రంతా వాట్సాప్‌లో గ్రూపులు తిప్పేముందు, అంకె తప్ప వేరే కారణం ఏమైనా ఉందా అని డాక్టరును అడగండి.

రిపోర్టును మీరే కాస్త తడిమి చూసుకునే చిట్కా ఒకటుంది. ల్యాబువాళ్లు వాడేదే. హిమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చవేస్తే సుమారుగా పీసీవీ రావాలి. 12.4 ఉంటే 37 దగ్గర. మూడు అటూ ఇటూ ఫర్వాలేదు. 12.4కు ఎదురుగా 45 అని ఉంటే యంత్రాన్నో, నమూనానో అనుమానించాలి. ఇనుము లోపం లాంటివి ఉన్నవాళ్లలో ఈ లెక్క కుదరదు, కాబట్టి ఇది తీర్పు కాదు. అలాగే ఎంసీహెచ్‌సీ అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా 32 నుంచి 36 మధ్య. మనుషుల్ని బట్టి అది పెద్దగా మారదు. ఈ గుణాన్ని పట్టుకునే 1974లో బ్రయన్ బుల్ అనే శాస్త్రవేత్త ఇరవై మంది రోగుల సగటుతో యంత్రాన్ని కనిపెట్టే పద్ధతి ఒకటి తయారుచేశాడు. కంట్రోల్ సీసా పొద్దున ఒకసారే చెబుతుంది, రోగుల రక్తం రోజంతా చెబుతూనే ఉంటుంది. ఇప్పటి యంత్రాలు చాలావాటిలో ఆ లెక్క లోపలే ఉంటుంది, ఆన్ చేసి చూసేవాళ్లుండాలి అంతే.

పాత రిపోర్టులు పారేయకండి. ఎంసీవీ అన్న వరసలో ఎర్రకణం సగటు పరిమాణం ఉంటుంది. రక్తం ఎక్కించకపోతే అది రెండు మూడు రోజుల్లో మారిపోయేది కాదు. మొన్న 72 ఉన్నది ఇవాళ 91 అని వస్తే, మీ అమ్మాయి రక్తం మారలేదు, గొట్టమే మారి ఉంటుంది. పేరు, వయసు, నమూనా తీసిన సమయం సరిచూసుకుని, రెండు కాగితాలూ పట్టుకుని ల్యాబుకు వెళ్లండి. మీ కళ్లముందే పేరు రాయించి, మళ్లీ తీయించండి.